లేదనుటకు ముందు: నల్లగొండ, పాలమూరు సీమల పరిశోధకులకు అన్వేషణ సూత్రములు

తెలంగాణమునందు తెలుగు కవులు లేరన్న మాట ఒకప్పుడు వినవచ్చెను. దానికి సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు మూడువందల యేబదికి పైగా కవుల వివరములును పద్యములును చోటుచేసికొన్నవి. ఆ గ్రంథముయొక్క సాహిత్యపు విలువను గూర్చి పలువురు వ్రాసియున్నారు. మేమిచ్చట చెప్పదలచినది వేఱొకటి. కవులు అంతకు ముందును ఉండిరి. లేరన్నవారికి వారు కనబడలేదు. కనబడకపోవుటకు కారణము వెదకిన చోటు, వెదకిన తీరు. ప్రతాపరెడ్డిగారు 1926లో తాము స్థాపించిన గోలకొండ పత్రిక ద్వారా ఊళ్లలో నున్నవారినే అడిగిరి. అడుగవలసినవారిని, వారికి తెలిసిన మాటలతో అడిగిరి గనుక జవాబు వచ్చినది.

నేటి పరిశోధకుడు పత్రికలో ప్రకటన యిచ్చుటకు బదులు యంత్రము ముందు కూర్చుండి నాలుగు మాటలు టైపు చేయుచున్నాడు. గూగుల్ స్కాలర్, జేస్టోర్, శోధగంగ, పబ్‌మెడ్, వరల్డ్‌క్యాట్ మున్నగునవి డేటాబేసులని పిలువబడు వ్యాసభాండారములు. వీనియందు వెదకి, ఏమియు దొరకనిచో సిద్ధాంత గ్రంథపు మొదటి ప్రకరణమున "ఈ విషయముపై ఇంతవఱకు ఎవరును పరిశోధింపలేదు" అని వ్రాయుట ఆచారమైపోయినది. ఈ వాక్యమును మేము పరీక్షకులముగా ఎన్నిమాఱులు చదివితిమో లెక్కలేదు. వానిలో కొన్ని నిజములే. మిగిలినవానిని కొంచెము శ్రద్ధతో వెదకినచో, ఆ విషయముపైనే పూర్వులు వ్రాసిన వ్యాసమో గ్రంథమో బయటపడినది. దీనివలన నష్టము ఇరుప్రక్కల నున్నది. క్రొత్తవాడు చేసిన శ్రమ చర్వితచర్వణ మగును. పాతవాడు చేసిన శ్రమకు పేరు లేకుండ పోవును. రెండవది మాకు ఎక్కువ బాధాకరముగా తోచును.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విషయమున ఈ పొరపాటు మఱింత తఱచుగా జరుగుచున్నది. ఈ సీమ నూఱేండ్లలో మూడు రాష్ట్రముల పేర్లు ధరించినది. దీనిని గూర్చి ఉర్దూలోను, తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాతకోతలు జరిగినవి. ఊళ్ల పేర్లను ఎవరికి తోచినట్లు వారు ఆంగ్లలిపిలో వ్రాసిరి. అందువలన ఈ సీమను గూర్చిన సాహిత్యము తక్కువ కాదుగాని చెల్లాచెదరుగా, పలు పేర్ల క్రింద దాగియున్నది.

మా అనుభవ మొకటి చెప్పుదుము. తెలంగాణ సాయుధ పోరాటమునాటి పాటలను గూర్చి పరిశోధింపదలచిన ఒక విద్యార్థికి, ఆ ఉద్యమముపై ఇంగ్లీషున వచ్చిన సామాజిక పరిశీలనలను వెదకి యిత్తుమని మేము మాట యిచ్చితిమి. తెలంగాణ అను పదమును నేడు మనము వ్రాయు ఆంగ్ల వర్ణక్రమముతో శీర్షికలయందు వెదకితిమి. డి. ఎన్. ధనగరే 1974లో వ్రాసిన వ్యాసము దొరకినది. అదే సంవత్సరమున కారొలిన్ ఇలియట్ 'జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్' పత్రికలో వ్రాసిన వ్యాసము దొరకలేదు. 1981లో అచ్చయిన బారీ పావియర్ గ్రంథమును దొరకలేదు. ఇంతకును ఆ రెండింటి శీర్షికలలోను ఉద్యమము పేరు స్పష్టముగా నున్నది. ఐతే వారిద్దఱును 'తెలెంగాన' అని వ్రాసిరి. అనగా ఆంగ్లమున 'ఎల్' తరువాత 'ఏ' ఉండవలసిన చోట 'ఈ' అను అక్షరమును ఉంచిరి. ఒక్క అక్షరముచేత ఒక వ్యాసమును ఒక గ్రంథమును మా కన్నుగప్పినవి. హైదరాబాదు పురావస్తుశాఖవారు ప్రకటించిన శాసన సంపుటముల శీర్షికలో మూడవ రూపము గలదు. అందు 'ఐ' అక్షరముతో 'తెలింగాన జిల్లాలు' అని యున్నది. ఆ విద్యార్థి మా జాబితానే నమ్మి కొంతకాలము పనిచేసినాడు. తప్పు మాదే.

యంత్రమునకు అర్థము తెలియదు, అక్షరములు తెలియును. భాండారమున చేరిన ప్రతి వ్యాసమునుండి మాటలను విడదీసి, ఏ మాట ఏ వ్యాసమున గలదో ఒక పట్టీ వ్రాసికొనును. పెద్ద గ్రంథముల చివర నుండు పదసూచికవంటిదే అది. మన మొక మాట నిచ్చినపుడు ఆ పట్టీలో ఆ మాట యెదుట నున్నవానిని చూపును. ఇటీవలి యంత్రములు కొన్ని పర్యాయపదములను తామే చేర్చుకొని వెదకుచున్న మాట నిజమే; సామాన్యమైన ఇంగ్లీషు మాటల విషయమున అది కొంత ఉపకరించును. పానగల్లు, కోయిలకొండ, కొలనుపాక వంటి పేర్ల యెడ దానిని నమ్ముకొనరాదు.

మాటలను కూర్చుటకు మూడు సంయోజకము లున్నవి. ఆంగ్లమున అండ్, ఆర్, నాట్ అని వీనిని పెద్ద అక్షరములతో వ్రాయుదురు. జార్జి బూల్ అను ఆంగ్ల గణితజ్ఞుడు 1854లో ప్రకటించిన తర్కగణితమే వీనికి మూలము. 'అండ్' రెండు మాటలును ఉన్న వ్యాసములను మాత్రమే తెచ్చును; కావున వలను ముడుచును. 'ఆర్' ఏ యొక్కటి యున్నను తెచ్చును, వలను పఱచును. 'నాట్' ఒక మాట యున్నవానిని తొలగించును. ఒకే భావమునకు గల పలు రూపములను 'ఆర్'తో కలిపి కుండలీకరణములలో నుంచి, ఆ గుంపులను 'అండ్'తో కట్టవలెను. కుండలీకరణములను మఱచినచో యంత్రము తన యిష్టము వచ్చినట్లు అన్వయించుకొనును. సమాసమును తప్పుగా విగ్రహించినట్లే యగును. పదబంధమును యథాతథముగా వెదకవలెనన్నచో ఉద్ధరణ చిహ్నములలో నుంచవలయును.

సంయోజకములు తెలిసినంత మాత్రమున సూత్రము రాదు. ముందు మన ప్రశ్నను అవయవములుగా విడదీయుట నేర్వవలెను. ఈ విద్యకు మన దేశమునందే గొప్ప ఆచార్యుడుండెను. గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించెను. ఏ విషయమునైనను ముఖములుగా విడదీసి చూడవలెనన్న భావమును అతడు ఆ మార్గమున పెంపొందించి, తుదకు ప్రధాన వస్తువు, ద్రవ్యము, క్రియ, దేశము, కాలము అను అయిదింటిని నిలిపెను. గ్రంథములను అలమారులలో నుంచుటకు పుట్టిన ఈ పద్ధతి, యంత్రమును ప్రశ్నించుటకును చక్కగా సరిపోవును.

ఒక ఉదాహరణము గైకొందము. నల్లగొండ ప్రాంతపు కందూరు చోడుల శాసనములలోని భాషను గూర్చి పరిశోధింపదలచితిమనుకొందము. దేశము నల్లగొండ, రాజవంశము కందూరు చోడులు, ద్రవ్యము శాసనములు, పరిశీలింపవలసినది భాష. విద్యార్థులు సాధారణముగా ఈ నాలుగింటిని ఒక వాక్యముగా వ్రాసి పెట్టెలో పడవైతురు. అట్లు వ్రాసినపుడు నాలుగు మాటలును అదే రూపమున గల వ్యాసము మాత్రమే దొరకును. అట్టిది ఉండకపోవచ్చును. మొదట భాష అను ముఖమును విడిచిపెట్టవలెను. శాసనములను గూర్చి వ్రాసినవారు భాషను గూర్చి లోపల రెండు పుటలు వ్రాసి, శీర్షికలో ఆ మాటయే యెత్తకపోవుట తఱచు. మిగిలిన మూడు ముఖములకును రూపభేదములను సమకూర్చవలెను.

రాజవంశమును తీసికొనుడు. చోడ, చోళ అని తెలుగున రెండు రూపములు. ఆంగ్లమున 'సి' తరువాత 'హెచ్' చేర్చి వ్రాయువారు కొందఱు. 'హెచ్' లేకుండ, అచ్చు మీద గీతయు 'డి' క్రింద చుక్కయు పెట్టి శాస్త్రీయముగా వ్రాయువారు మఱికొందఱు. ఆ గీతలను చుక్కలను యంత్రము పట్టించుకొననిచో చోడ రాజు పాశ్చాత్య సంగీతమున పాట చివరి భాగమును దెలుపు 'కోడా' అను మాటగా మాఱిపోవును. మేమొకమాఱు ఈ మాట నొంటరిగా వెదకి సింఫనీలను గూర్చిన వ్యాసముల నడుమ చిక్కుకొంటిమి. కావున రెండు వర్ణక్రమములను 'ఆర్'తో కలిపి, వానిని శాసన పదముతో 'అండ్' చేయవలెను. ఒంటరిగా విడువరాదు.

దేశము అన్ని ముఖములకంటె చిక్కైనది. కందూరు చోడుల రాజధానులలో నొకటైన పానగల్లు నల్లగొండ పట్టణమునకు చేరువనే కలదు. పచ్చల సోమేశ్వరాలయము, ఛాయా సోమేశ్వరాలయము అచ్చటివే. పాలమూరు సీమయందు నేటి వనపర్తి జిల్లాలో ఇంకొక పానగల్లు కలదు. అది కోటకు ప్రసిద్ధము. బహమనీ సుల్తాను ఫిరోజ్‌షాకును విజయనగర రాజులకును జరిగిన యుద్ధమున ప్రసిద్ధికెక్కిన పానగల్లు ఇదియే. ఇవి చాలవన్నట్లు 1921 నుండి 1926 వఱకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన రామరాయనింగారికి పానగల్లు రాజా యని బిరుదనామము. ఆయన పేర మద్రాసు నగరమున ఒక ఉద్యానవనము కలదు. పానగల్లు అని మాత్రమే వెదకినవానికి శాసనము, కోట, జస్టిస్ పార్టీ, త్యాగరాయనగరపు బట్టల అంగళ్లు ఒకే పుటలో దర్శనమిచ్చును. ఇచ్చట నల్లగొండ, సోమేశ్వర, చోడ అను మాటలలో ఏదేని యొకటి యుండవలెనని నియమించినచో చాలవఱకు శుభ్రపడును.

నల్లగొండకు నీలగిరి యను నామాంతరము గలదు. షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు 1922లో నల్లగొండనుండి నడపిన పత్రికకు నీలగిరి పత్రిక యనియే పేరు. ఆ పత్రికను గూర్చి వెదకబోయినవానికి తమిళనాటి నీలగిరి కొండలు, అచ్చటి తేయాకు తోటలు, వరయాడులు వచ్చును. తెలుగు లిపిలో వెదకినను సుఖము లేదు. యూకలిప్టసు చెట్టును, దాని తైలమును మనము నీలగిరి యనియే పిలుచుచున్నాము. అప్పుడు తైలమును 'నాట్'తో తొలగింతమని తోచును. తొలగింపవచ్చును. కాని 'తమిళ' అను మాటను తొలగించుటకు సాహసింపరాదు. తెలుగు పత్రికలను తమిళ పత్రికలతో పోల్చిన మంచి వ్యాస మొకటి యున్నచో అదియు తైలముతోపాటు కొట్టుకొనిపోవును. 'నాట్' ప్రయోగమున మేము లోభులము. ముందుగా 'పత్రిక', '1922', 'షబ్నవీసు' వంటి మాటలను చేర్చి బిగింపవలెను. తొలగింపు చివరి ఉపాయము.

పాలమూరుది మఱియొక తీరు. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేర నేర్పడిన మహబూబ్‌నగర్ అను నామమును ఆంగ్లమున వ్రాయు విధములు మాకు తెలిసినంతవఱకే అయిదాఱు గలవు. 'ఎమ్ ఏ హెచ్' తరువాత అచ్చు లేకుండ కొందఱు, 'ఏ' చేర్చి కొందఱు, 'యు'కు బదులు రెండు 'ఓ'లు వ్రాసి కొందఱు, మొదటి అచ్చును 'ఈ'గా మార్చి ఇంకను కొందఱు. మొదటి భాగమును వ్రాసి నక్షత్రపు గుర్తు పెట్టినచో అన్నియు వచ్చునుగదా యని తలంపవచ్చును; అప్పుడు పూర్వపు వరంగల్లు జిల్లాలోని మహబూబాబాదును వచ్చి చేరును. పాలమూరు అని వెదకినచో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునకు సంబంధించిన నివేదికలు ముందుగా పైబడును. ఆనకట్టలు, రోడ్లు కట్టుటకు దేశమంతట తిరిగిన ఈ సీమ వలసకూలీలకు 'పాలమూరు లేబరు' అనియే పేరు వచ్చినది గనుక, వలస పాటలను గూర్చి పనిచేయువారు జిల్లా అధికారిక నామమును గాక ఈ పదబంధమునే ఉద్ధరణ చిహ్నములలో నుంచి వెదకవలెను.

కాలమునుబట్టి పాలన మాఱుటయు గుర్తుంచుకొనవలసిన విషయము. గద్వాల, అలంపురము తాలూకాలు 1956కు పూర్వము రాయచూరు జిల్లాలో నుండెను. కొడంగలు గుల్బర్గా జిల్లాలో నుండెను. కావున గద్వాల సంస్థానమును గూర్చిన పాత కాగితములు రాయచూరు పేరుమీద నమోదై యుండుటలో వింత లేదు. 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రము, 2014 జూన్ 2 వఱకు ఆంధ్రప్రదేశము, తరువాత తెలంగాణము. 2016 అక్టోబరులో నల్లగొండ మూడు జిల్లాలైనది. మహబూబ్‌నగరునుండి నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు అప్పుడును, నారాయణపేట 2019లోను వేఱుపడినవి. రాష్ట్రము పేరును సూత్రమున చేర్చకుండుటయే మేలు. చేర్చినచో మూడింటిని 'ఆర్'తో చేర్చవలెను.

ఈ మాటకు వైద్యశాస్త్రమునుండి ఒక నిదర్శనము చూపుదుము. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిన మనుష్యులను గూర్చి కథలు, పాటలు వచ్చినవి. వానిపై పనిచేయు తెలుగు విద్యార్థికి వ్యాధి చరిత్ర కొంత కావలసియుండును. ఏ. హెచ్. సిద్దీఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసిన వ్యాసపు శీర్షిక నల్లగొండ జిల్లా, హైదరాబాదు-దక్కను అని యున్నది. ఆంధ్రయు తెలంగాణయు ఆ శీర్షికలో లేవు. 1973లో లాన్సెట్ పత్రికలో మోకాళ్లు వంగు వ్యాధిని గూర్చి వచ్చిన ప్రసిద్ధ వ్యాసపు శీర్షికలో ఫ్లోరోసిసు వ్యాపించిన ప్రాంతము అని మాత్రమే యున్నది. ఊరి పేరే లేదు. ఇక దీనికి విపరీతము. ఫ్లోరోసిసు, నల్లగొండ అను రెండు మాటలతో వెదకినచో ఆఫ్రికా దేశముల నీటిని గూర్చిన వ్యాసములు వచ్చుటచూచి మా విద్యార్థి యొకతె యంత్రము చెడిపోయినదేమో యనుకొన్నది. చెడిపోలేదు. నాగపురములోని నీరీ సంస్థవారు 1970 దశకమున పటిక, సున్నము, బ్లీచింగు పొడి చేర్చి నీటినుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతిని రూపొందించి దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టిరి. ఆ పద్ధతి టాంజానియా, కెన్యాలవఱకు పోయినది. జిల్లా పేరు ఒక ప్రక్రియకు పేరైనపుడు జిల్లా వెనుకకు పోవును. ఈ పదబంధమును 'నాట్'తో తొలగించి యొకమాఱు, తొలగింపక యొకమాఱు వెదకి రెండు ఫలితములను పోల్చవలెను.

ఇక తెలుగు లిపిలో వెదకుట. మన విద్యార్థులు దీనిని ఉపేక్షించుచున్నారు. ఉపేక్షింపనివారు విసిగి మానుచున్నారు. శాసనము, శాసనం, శాసనాలు, శాసనములు, శాసనముల, శాసనాలలో: విభక్తి ప్రత్యయములు పదమునకే అతుకుకొను మన భాషలో ఒక్క నామము పదిరూపములు దాల్చును. 'శాసన' వఱకు వ్రాసి నక్షత్రము పెట్టుట సులభోపాయముగా దోచును. అట్లు చేసినచో శాసనసభ, శాసనమండలి, శాసనసభ్యుల అనర్హత వచ్చి కూర్చుండును. శిలాశాసన, తామ్రశాసన, దానశాసన అని ముందు చేర్చి వెదకుట కొంత మేలు. గూగుల్ స్కాలరునందు నక్షత్రము ఈ విధముగా పనిచేయదు. రూపములన్నిటిని 'ఆర్'తో వ్రాయవలసినదే. అందును ఒక పరిమితి గలదు: 256 అక్షరములకు మించిన సూత్రమును అది గ్రహింపదు. ఎన్నివేలు దొరకినవని చెప్పినను మొదటి 1,000 మాత్రమే చూపును. కావున పెద్ద సూత్రమును రెండు మూడు ముక్కలు చేసి నడపవలెను.

అక్షరముల లోపల కనబడని భేదములున్నవి. మహబూబ్‌నగర్ అని వ్రాయునపుడు పొల్లు బకారమునకును నకారమునకును నడుమ వెడల్పులేని విడదీయు గుర్తు నొకదానిని చాలమంది ఉంచుదురు. ఉంచనిచో నకారము ఒత్తుగా మాఱి బకారము క్రిందికి పోవును. కంటికి కొంచెమే భేదము. యంత్రమునకు రెండును వేఱు మాటలు. ఱకారమును వదలి రకారము వ్రాయుట, అరసున్న నుంచుట లేక విడుచుట, నల్లగొండ నల్గొండ యగుట అన్నియు ఇట్టివే. పాత పత్రికల పుటలను బొమ్మలుగా తీసి యంత్రముచేత చదివించిన చోట్ల అక్షరములు తాఱుమాఱగుట సామాన్యము. యూనికోడు వాడుకలోనికి రాకముందు వేఱు ఫాంటులలో టైపు చేసిన సిద్ధాంత గ్రంథములు మఱింత దురదృష్టముగలవి. పుట తెఱచినచో చక్కని తెలుగు కనబడును. వెదకినచో లోపల నున్నది అర్థములేని ఆంగ్ల చిహ్నముల వరుస. అట్టి గ్రంథమునందలి ఏ మాటయు వెదకుటకు దొరకదు. శీర్షిక, పరిశోధకుని పేరు, పర్యవేక్షకుని పేరు, శాఖ పేరు మాత్రమే దిక్కు. శోధగంగలో మేము తెలుగు విషయములకు మొదట శాఖనుబట్టి పోయి శీర్షికల జాబితాను కన్నులతో చదువుదుము. ఇది ఆలస్యమైన పద్ధతియే, కాని యంత్రము దాచినవి ఇట్లే దొరకినవి.

వ్యక్తుల పేర్లును ఇట్లే. సురవరము ప్రతాపరెడ్డిగారి పేరును మనము ఇంటిపేరుతో మొదలుపెట్టుదుము. అమెరికా గ్రంథాలయముల పట్టికలలో 'ప్రతాపరెడ్డి' ముందు, 'సురవరం' తరువాత; రెడ్డి యను మాట చివర 'వై' గాక 'ఐ'; డకారముల క్రింద చుక్కలు. 1962 నుండి పి. ఎల్. 480 పథకము క్రింద తెలుగు పుస్తకములు అమెరికా విశ్వవిద్యాలయములకు విరివిగా పోయినవి. మన యూరి గ్రంథాలయమున చెదలు తిన్న పుస్తకము చికాగోలో భద్రముగా నున్నదని పట్టిక చెప్పగలదు. ఆ లిప్యంతరీకరణ పద్ధతి తెలిసినవానికే చెప్పును.

ఆ పట్టికలలోనే ఇంకొక సౌకర్యము గలదు. వ్యాసకర్త ఏ మాట వాడినను, పట్టిక వ్రాసినవారు ఒక నిర్ణీతమైన విషయనామమును చేర్చుదురు. శాసనముల గ్రంథమునకు 'ఇన్‌స్క్రిప్షన్స్, తెలుగు' అని వస్తువు ముందు, భాష వెనుక వచ్చునట్లు వ్రాయుదురు. వైద్య వ్యాసములకు పబ్‌మెడ్‌లో ఇట్టి పద్ధతియే కలదు. మనకు తెలిసిన ఒక మంచి గ్రంథమును తెఱచి, దానికి ఏ విషయనామములు ఇచ్చిరో చూచి, ఆ నామములతో మరల వెదకుట మిక్కిలి ఫలవంతము. సంస్థానముల విషయమున దీని యుపయోగము మాకు బాగుగా తెలిసివచ్చెను. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల సాహిత్యపోషణమును గూర్చి 'తెలంగాణ సంస్థానములు' అని వెదకినవానికి తూమాటి దొణప్పగారి ప్రసిద్ధ గ్రంథము దొరకదు. దాని పేరు 'ఆంధ్ర సంస్థానములు: సాహిత్య పోషణము'. బెంజమిన్ కోహెన్ 2007లో ప్రకటించిన గ్రంథమును దొరకదు. అది ఈ సంస్థానములనుగూర్చియే యైనను, శీర్షికలో రాజత్వము, వలసపాలన, దక్కను అను మాటలే గలవు. గడియారము రామకృష్ణశర్మగారి ఆత్మకథయైన శతపత్రము అలంపురముతో నిండియుండును. పేరునుబట్టి దానిని పట్టుట ఏ సూత్రమునకును సాధ్యము గాదు.

అట్టివానికి వంశవృక్షమువంటి మార్గ మొకటి గలదు. దొరకిన వ్యాసము చివర నున్న గ్రంథసూచిని చదువుట మనకు తెలిసినదే. అది వెనుకకు పోవుట. ఆ వ్యాసమును తరువాతివారు ఎవరెవరు ఉదాహరించిరో చూచుట ముందునకు పోవుట. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి 1964లో సైన్సు విషయమున ఆచరణకు తెచ్చిన ఉదాహరణ సూచి యిట్టిది; నేడు గూగుల్ స్కాలరులో ప్రతి వ్యాసము క్రిందను ఆ లంకె యుండును. ధనగరే వ్యాసమునుండి ముందునకు పోయియుండినచో మాకు పావియర్ గ్రంథము ఆనాడే తగిలియుండెడిది.

ఎంత వెడల్పుగా వెదకవలెనన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. క్రాన్‌ఫీల్డులో సిరిల్ క్లెవర్డన్ 1950, 1960 దశకములలో చేసిన ప్రయోగములు ఈ చిక్కును తేటపఱచినవి. ఉన్నవన్నియు రావలెనని వలను పఱచినచో పనికిరానివి పెరుగును. పనికివచ్చునవే రావలెనని బిగించినచో ఉన్నవానిలో కొన్ని జాఱిపోవును. తరగతిలో పాఠము చెప్పుటకు రెండు మంచి వ్యాసములు కావలసినచో బిగింపుడు. పూర్వ పరిశోధనల ప్రకరణము వ్రాయుచున్నచో పఱచుడు. మూడువందల శీర్షికలు చదివి రెండువందల తొంబది త్రోసివేయుటకు ఒక పగలు చాలును.

ఇటీవల సంభాషణ యంత్రములను అడిగి గ్రంథసూచిని తయారుచేసికొను అలవాటొకటి బయలుదేరినది. రూపభేదములు ఆలోచించుటకు అవి కొంత తోడ్పడవచ్చును. కాని లేని వ్యాసమునకు శీర్షిక, పత్రిక, సంపుటము, పుటలు కల్పించి యిచ్చుట వానికి అలవాటు. ఇంతవఱకు మేము లేదనుటలోని ప్రమాదమును చెప్పితిమి. ఇది లేనిదానిని ఉన్నదనుట. పట్టికలో స్వయముగా చూడని వ్యాసమును గ్రంథసూచికి ఎక్కింపరాదు.

భాండారములకు బయట నున్నది బహుళము. సంస్థానముల తాళపత్రములు, స్థలపురాణములు, అచ్చుకాని ఉర్దూ దస్తరములు, ఊరి భజన మండలి అచ్చువేసిన పదహారు పుటల పాటల పుస్తకము ఏ సూత్రమునకును లొంగవు. లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో మొదటి సంపుటముగాను, 1960లో రెండవ సంపుటముగాను ప్రకటించిన తెలంగాణ శాసనములను చేతబట్టుకొని పానగల్లు ప్రదర్శనశాలకు పోయి రాతిని చూచుట వేఱు పని, అదియు చేయవలసినదే.

మా విద్యార్థులకు ఒక నోటుపుస్తకము పెట్టుమని చెప్పుచున్నాము. వెదకిన తేది, భాండారము పేరు, వ్రాసిన సూత్రము ఉన్నది ఉన్నట్లు, శీర్షికలో వెదకితిమో పూర్తి పాఠములో వెదకితిమో, ఎన్ని దొరకినవి, ఎన్ని ఉంచుకొంటిమి అను వివరములు ఒక్కొక్క వరుసలో వ్రాయవలెను. సిద్ధాంత గ్రంథమున "పరిశోధన జరుగలేదు" అని వ్రాయుటకు బదులు, ఫలానా తేదిన, ఫలానా భాండారములలో, ఈ సూత్రములతో వెదకగా దొరకలేదని వ్రాసి, సూత్రములను అనుబంధమున ఈయవలెను. పరీక్షకుడు వానిని తాను నడపి చూచుకొనును. ఆఱు నెలలకొకమాఱు అవే సూత్రములను మరల నడపుట మంచిది. శోధగంగకు పాత సిద్ధాంత గ్రంథములు ఇప్పటికిని చేరుచునే యున్నవి. మొన్న ఒక విద్యార్థి నోటుపుస్తకమున 'తెలంగాణ' అన్న మాటకు ఆంగ్లమున మూడు వర్ణక్రములును ఒకే కుండలీకరణములో నుండుట చూచితిమి. నాలుగవది యొకటి అతడే క్రింద చేర్చియున్నాడు, 'టి' తరువాత 'ఐ'తో. మేము దానిని గుర్తింపనేలేదు.